ఏదీ పగలని ప్రయోగశాల

గ్రాంటు రావడం కష్టమని అందరూ చెబుతారు. వచ్చిన గ్రాంటును నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఎవరూ చెప్పరు. కొత్తగా హెడ్మాస్టర్లయిన మీలాంటి వాళ్లు ఫోన్ చేసి "మేడం, మా బడికి సైన్స్ గ్రాంటు శాంక్షన్ అయింది" అని సంబరంగా చెప్పినప్పుడల్లా "శుభం" అంటాను. ఆ తర్వాత కాసేపు మాట రాదు. ఫోన్ కట్ అయిందేమోనని మీరు "హలో, హలో" అంటారు. కట్ కాలేదు నాయనా. నాకు మా బడి గుర్తొచ్చింది, అంతే.

అది హాలియా నుంచి కొంచెం లోపలికి, సాగర్ కాలువ కింద వరి పండే ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు. నా సర్వీసులో ఆఖరి పోస్టింగ్. రాష్ట్రం వచ్చి కొన్నేళ్లయింది. కొత్త జిల్లాలు ఏర్పడి, ఏ ఫైలు ఏ ఆఫీసులో ఉందో ఫైలుకే తెలియని రోజులు. ఢిల్లీలోని ఒక సంస్థ పల్లెటూరి బడుల్లో సైన్స్ ప్రయోగశాలలు పెట్టడానికి డబ్బులిస్తుందని తెలిసి, మేమూ ఒక దరఖాస్తు పడేశాం. "పిల్లలు తమ చేతులతో ప్రయోగాలు చేసి నేర్చుకుంటారు" అని అందులో రాసింది నేనే. రాసేటప్పుడు చాలా బాగుందనిపించింది. మా జిల్లాలో మా బడి ఒక్కదానికే వచ్చింది. గేటు ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో సర్పంచి ఫోటో పెద్దగా, మా బడి ఫోటో చిన్నగా ఉండేది. పిల్లల ఫోటో లేదు.

గ్రాంటు రెండేళ్లకు. మొదటి ఏడాది సామాను కొనాలి, ప్రయోగాలు చేయించడానికి ఒక బోధకురాలిని గౌరవ వేతనం మీద పెట్టుకోవాలి. ఏడాది చివర వాళ్లు వచ్చి చూస్తారు. పిల్లలు నిజంగా వాడుతున్నారని నమ్మకం కుదిరితే రెండో ఏడాది డబ్బులు, లేకపోతే లేదు. బోధకురాలి ఉద్యోగం కూడా దాంతోనే పోతుంది. ఈ షరతు మాకందరికీ మొదటి రోజు నుంచీ తెలుసు. ఆ అమ్మాయికి అందరికన్నా బాగా తెలుసు.

ఆమెది పక్క ఊరే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వాళ్ల నాయిన హాలియాలో రైస్ మిల్లులో హమాలీ, అమ్మ నాట్లకు పోయేది. గుంట భూమి లేని ఇంట్లో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి మనిషి ఆమే. ఆదివారాలు వాళ్ల చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేదట, ఆ గొంతుతోనే ఆవర్తన పట్టికను కూడా పాటగా పాడించేది. ఇంటర్వ్యూ రోజు "ఎందుకు రావాలనుకుంటున్నావు బిడ్డా?" అని అడిగితే, "ల్యాబ్ ఉన్నదంట గద మేడం" అంది. జీతం ఎంతని అడగలేదు. నాకు నచ్చింది.

సామాను వచ్చింది. పాత స్టాఫ్ రూముకు టైల్స్ వేయించి, ఒక సింకు పెట్టించి, అద్దాల తలుపుల బీరువాలు రెండు తెప్పించాం. సూక్ష్మదర్శినులు, బీకర్లు, బ్యూరెట్లు, రంగురంగుల రసాయనాల సీసాలు. ఆ గదిలోకి పోతే మన బడేనా అనిపించేది. సామాను అంతా స్టాక్ రిజిస్టర్లో ఎక్కించి, నియమం ప్రకారం సీనియర్ ఫిజిక్స్ సారుకు అప్పజెప్పాను. ఆయన ఒక్కొక్కటీ రెండు చేతులతో అందుకుని, గీత పడిందేమో వెలుతురుకు పెట్టి చూసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జంధ్యానికో మొలతాడుకో కట్టుకోలేదు గానీ చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, పైనుంచి ఒకసారి తడిమి చూసుకున్నారు.

ఇక్కడ ఆయన గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. చెడ్డ మనిషి కాదు, సోమరి అసలే కాదు. ఆయనది పాలమూరు వైపు. అంతకుముందు ఆత్మకూర్ దగ్గర ఒక బడిలో చేసేటప్పుడు, తనకంటే ముందున్న వాళ్ల హయాంలో పోయిన ఒక సూక్ష్మదర్శిని ఈయన లెక్కలో తేలింది. ఆయన తీయలేదు, చూడనైనా లేదు. అయినా జీతంలోంచి కోత పెట్టారు, మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. ఆ మచ్చ తుడిపించుకోవడానికి ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, గుమాస్తాలకు దండాలు పెట్టి పెట్టి మనిషి సగమయ్యాడు. మన ఉద్యోగాల్లో వస్తువు వాడకుండా తుప్పు పడితే ఎవరూ అడగరు. వాడి పగలగొడితే జీతంలోంచి పట్టుకుంటారు. ఈ సంగతి మీకు ట్రైనింగులో చెప్పరు. ఆయనకు మాత్రం ఒంటికి పట్టేలా నేర్పారు.

మొదట్లో బోధకురాలు మర్యాదగానే అడిగింది.

"సార్, ఎనిమిదో తరగతోళ్లకు బీకర్లు గావాలె. జర తీసిస్తరా?"

"పలిగితె ఎవరు కడతరమ్మా?"

"నేను కడత సార్."

"నీ జీతం ఎంత? నువ్వేం కడతవు? నా పేరు మీద ఉన్న సామాను అది. రేపు లెక్క చూసెటోడు నిన్ను అడగడు, నన్ను అడుగుతడు."

నా దగ్గరికి వచ్చింది. నేను ఆయన్ని పిలిచి గట్టిగానే చెప్పాను. ఆయన ఎదురు చెప్పలేదు. జేబులోంచి ముందే రాసిపెట్టుకున్న కాగితం తీసి నా టేబుల్ మీద పెట్టారు. పిల్లల చేతుల్లో ఏ వస్తువు పగిలినా బాధ్యత ప్రధానోపాధ్యాయురాలిదే అని అందులో ఉంది.

"మీరు సంతకం పెట్టుండ్రి మేడం. ఇప్పుడే తాళం తీస్త."

పెట్టాల్సింది అని మీరంటారు. సరే, మీ టేబుల్ మీదికి అలాంటి కాగితం వచ్చిన రోజు మీరు పెట్టండి. నేను జిల్లా ఆఫీసుకు రాశాను. ప్రయోగాల్లో పగిలే గాజు సామాను ఖర్చు కింద రాసేసుకోవడానికి అనుమతి ఇప్పించండి అని. చాలా రోజులకు జవాబు వచ్చింది, "నిబంధనల ప్రకారం చర్య తీసుకోగలరు" అని. ఏ నిబంధన? ఏ చర్య? మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు, తేదీ మాత్రం మారింది. ఆ రెండు కాగితాలూ ఫిజిక్స్ సారుకు చూపిస్తే, ఆయన జాలిగా నవ్వారు. అలా నవ్వితే నాకు ఒళ్లు మండింది.

చివరికి ఒక రాజీ కుదిరింది. వారానికి ఒక పీరియడ్ పిల్లలను ల్యాబులోకి తీసుకుపోవచ్చు, కానీ సారు పక్కన ఉండాలి. పిల్లలు లోపలికి వస్తూనే చేతులు వెనక్కి కట్టుకోవాలి. సారు బీరువా అద్దంలోంచి చూపిస్తూ చెప్పేవారు. ఇది బ్యూరెట్, ఇది పిపెట్, ఇది శంఖాకార కుప్పె. పిల్లలు మెడలు చాచి చూసేవాళ్లు. ఎవరైనా అద్దం మీద వేలు పెడితే గుడ్డతో తుడిచేవారు. పీరియడ్ అయ్యాక వరుసగా బయటికి వచ్చి, గడప దాటాక చేతులు వదిలేవాళ్లు. కొన్నాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేకుండానే ఆ గది గడప దగ్గర వాళ్ల చేతులు వాటంతట అవే వెనక్కి పోయేవి. క్రమశిక్షణ బాగుందని ఎంఈఓ గారు మెచ్చుకున్నారు కూడా.

బోధకురాలు మాత్రం ఊరుకోలేదు. వరండాలో చాప పరిచింది. పసుపు, సున్నం, నిమ్మకాయలు, సబ్బు నీళ్లు ఇంటి నుంచి తెచ్చింది. హాలియాలో ఒక దవాఖానకు పోయి, చుక్కలు చుక్కలుగా పోయడానికి సెలైన్ గొట్టాలు అడిగి తెచ్చుకుని ఉడకబెట్టింది. మందారపూల రసంలో నిమ్మరసం పోస్తే రంగు మారడం చూసి పిల్లలు కేకలు వేస్తుంటే, పక్క తరగతిలో లెక్కల సారు కిటికీ మూసుకునేవారు. ఊళ్లో బోరు నీళ్లలో సబ్బుకు నురగ ఎందుకు రాదో వాళ్లే తేల్చారు. సాయంత్రం బడి వదిలినా ఆ వరండా ఖాళీ అయ్యేది కాదు. ఆమె ఖర్చు పెట్టిన నిమ్మకాయలకు గ్రాంటులోంచి ఒక్క పైసా ఇవ్వలేకపోయాను. కొనుగోళ్ల జాబితాలో నిమ్మకాయలు లేవు.

అలా ఏడాది గడిచింది. చూడడానికి వస్తున్నామని సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. ఏమేం చూస్తారో కూడా రాశారు. ఖర్చయిన రసాయనాలు, వాడకంలో పగిలిన గాజు సామాను, పిల్లలు చేసే ప్రయోగం. స్టాఫ్ రూములో అందరి ముందూ చదివాను.

"మనదాంట్ల ఒక్కటి గూడ పలగలే గద మేడం," అన్నారు లెక్కల సారు. "గిట్ల కొత్తగ ఉంటె వాడనే లేదంటరు."

"పలగొడదాం, ఏమున్నది?" అన్నాడు మా అటెండరు. వాడు ఎగతాళికే అన్నాడనుకుంటాను. కానీ ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు, వద్దని కూడా అనలేదు.

వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే బడికి పోయేసరికి పని మొదలైంది. ఫిజిక్స్ సారు టెస్ట్ ట్యూబులను ట్రేలో పెట్టుకుని గోడ వెనకకు తీసుకుపోయారు. నేనూ వెంట పోయాను. ఒకటి తీసి వదిలారు. కింద గోనెసంచి పరిచి ఉంది, అది పగలకుండా దొర్లింది. పగలగొట్టడానికి పోతూ సంచి ఎందుకు పరిచారని అడిగితే, "అలవాటు మేడం," అన్నారు. సంచి తీసేసి మళ్లీ చెయ్యెత్తారు, దించారు. ఆయనకు చేత కాలేదు. చివరికి అటెండరు ట్రే అందుకుని, గోడకేసి టకటకా కొట్టి పారేశాడు. సారు కూర్చుని ముక్కలన్నీ ఏరి ట్రేలో పెట్టారు. పగిలినవి కూడా లెక్కలో చూపించాలట.

లోపల లెక్కల సారు రసాయనాలు ఖర్చు చేస్తున్నారు, అంటే సింకులో పారబోస్తున్నారు. మైలుతుత్తం ద్రావణం సీసా నుంచి నీలంగా దిగుతోంది. దాంతోపాటే ఆయన కాళ్ల కిందకు కూడా నీలంగా వచ్చింది. చూస్తే సింకుకు కింద గొట్టమే బిగించలేదు. ఏడాదిలో ఎవరూ అందులో గ్లాసెడు నీళ్లు పోయలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. టైల్స్ నిండా నీలం మడుగు. ఒకరు చీపురు, ఒకరు గోనెసంచి పట్టుకుని తుడుస్తున్నాం.

అప్పుడే బోధకురాలు వచ్చింది. గడప దగ్గర నిలబడి అంతా చూసింది. ఏం జరుగుతోందో అర్థం కావడానికి ఆమెకు ఎంతో సేపు పట్టలేదు.

"సార్, ఇంకెన్ని సీసలున్నయి?" అని అడిగింది.

"ఇంకో రెండున్నయమ్మా."

"ఎట్లన్న పారబోస్తరు గద సార్. పోరగాళ్లను పిలుస్త. వాళ్లతోటి పోయిస్త. ఒక ఇనుప మొల ఏసి సూపిస్త. ఎర్రగ రాగి పడుతది."

"టైం లేదు బిడ్డా, ఒస్తున్నరు," అన్నారు లెక్కల సారు, పారబోస్తూనే.

ఆమె చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, మాతోపాటు నేల తుడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఆ హడావిడిలో ఏడవడానికి కూడా వీలు లేకపోయింది.

వచ్చింది ఇద్దరు. హైదరాబాదులో రిటైరైన ఒక ప్రొఫెసరమ్మ, ఆమె వెంట ఫోటోలు తీసే ఒక కుర్ర ఆఫీసరు. ఆమె చాలా నెమ్మదస్తురాలు. తొమ్మిదో తరగతి పిల్లలు ల్యాబులోకి వచ్చారు. గడప దాటుతూనే అందరి చేతులూ వెనక్కి పోయాయి. ఆ రోజు వద్దని చెప్పడం మాకెవరికీ తట్టలేదు. తట్టినా లాభం లేదు, అది వాళ్ల ఒంట్లోకి పోయింది.

ప్రొఫెసరమ్మ ముందు వరుసలో ఉన్న అమ్మాయిని పిలిచింది. "ఏం తల్లీ, ఆ బీకరులో సగం దాకా నీళ్లు కొలిచి పోస్తావా?"

ఆ పిల్ల కదల్లేదు. ఫిజిక్స్ సారు వైపు చూసింది.

"చేతులు ముందుకు పెట్టమ్మా, ఏం కాదు," అంది ప్రొఫెసరమ్మ.

"ముట్టుకుంటె పలుగుతది మేడం."

"తియ్ బిడ్డా, తియ్యి," అన్నారు ఫిజిక్స్ సారు. ఆయన గొంతు అంత మెత్తగా పలకడం నేనెప్పుడూ వినలేదు. ఆ పిల్ల బీకరును రెండు చేతులతో, నెలల పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడింది. తర్వాత ఏం చేయాలో తెలియక అలాగే ఉంది.

ప్రొఫెసరమ్మ ట్రేలో ఉన్న ముక్కల దగ్గరికి వచ్చింది. ఒక ముక్క తీసి చూసింది. దానికి కంపెనీ కాగితం ఇంకా అంటుకునే ఉంది. "ఇవి ఏ ప్రయోగంలో పగిలాయి?" అని అడిగింది. ఫిజిక్స్ సారు ట్రేలోని మిగతా ముక్కలు సర్దసాగారు. ఆమె మళ్లీ అడగలేదు.

అప్పుడు వెనక నుంచి ఒక పిల్ల అంది. "మాకు ప్రయోగాలు వస్తయి మేడం. వరండాలకు రాండ్రి, సూపిస్తం."

వెళ్లాం. చాప మీద కూర్చోగానే ఆ పిల్లలు వేరే పిల్లలైపోయారు. పసుపు కాగితాలు చేశారు, సున్నం నీళ్లు చుక్కలు వేశారు, ఎర్రబడితే ఎందుకో చెప్పారు. బోరు నీళ్లు, కాలువ నీళ్లు రెండు సీసాల్లో పోసి, సబ్బు వేసి గిలకొట్టి తేడా చూపించారు. ప్రొఫెసరమ్మ కొంగు దోపుకుని చాప మీదే కూర్చుంది. ఒక్కో ప్రశ్న అడిగేకొద్దీ ఆమె ముఖం విప్పారింది. బోధకురాలి వైపు చూసి, "నువ్వు నేర్పావా?" అంది. బోధకురాలు తలూపింది. గండం గడిచిందనుకున్నాను. మనసులో దేవుళ్లందరికీ ఒక దండం పెట్టుకున్నాను.

కుర్ర ఆఫీసరు ఫోనులో ఏదో నింపుతూ అడిగాడు. "మేడం, వీటిలో గ్రాంటుతో కొన్నవి ఏవి?"

చాప మీద గ్రాంటుతో కొన్నది ఒక్కటీ లేదు. చాప కూడా కాదు.

నెల తిరగకముందే నివేదిక వచ్చింది. పరికరాలు వినియోగంలో లేవు కాబట్టి రెండో ఏడాది నిధులు నిలిపివేస్తున్నాం అన్నారు. అది ఊహించిందే. దాని కింద ఇంకో వాక్యం ఉంది. ప్రయోగశాలను వినియోగంలోకి తీసుకురావడంలో బోధకురాలు విఫలమయ్యారు అని. వాళ్ల నమూనాలో ల్యాబు బాధ్యత అన్న గడిలో ఆమె హోదాయే ఉంది మరి. తాళంచెవికి అందులో గడి లేదు.

ఆ వాక్యం మీద వరసగా ఉత్తరాలు రాశాను. ఫిజిక్స్ సారు కూడా ఎవరూ అడగకుండానే ఒకటి రాశారు. తాళం తన దగ్గరే ఉందని, ఆమె అడిగినా తాను ఇవ్వలేదని, తప్పు తనదేనని. మెమోకు అంత భయపడే మనిషి అలా రాసి సంతకం పెట్టడం చిన్న సంగతి కాదు. నిర్ణయం అంతిమమైనదని ఒకటే జవాబు వచ్చింది. సామాను మొత్తం వేరే బడికి అప్పగించమన్నారు. అప్పగించేటప్పుడు, పగిలిన ముక్కలతో సహా ప్రతిదీ లెక్కకు సరిపోయింది. ఆ ఏడాదే రిటైరైన ఫిజిక్స్ సారుకు బాకీ లేదన్న సర్టిఫికెట్ వెంటనే చేతికొచ్చింది. అది పట్టుకుని ఆయన నా గదిలో చాలాసేపు కూర్చున్నారు. సంతోషంగా ఉన్నట్టు నాకు కనబడలేదు.

ఆఖరుగా బోధకురాలు వచ్చింది. నల్గొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు పోస్టు ఉందని, అనుభవ పత్రం కావాలని అడిగింది. ఇదొక్కటైనా ఘనంగా చేద్దామని లెటర్ హెడ్ తీశాను. "ఏడాదిపాటు ప్రయోగశాలను సమర్థంగా నిర్వహించారు" అని మొదలుపెట్టాను. ఆమె బల్ల మీదికి వంగి చదివింది.

"గట్ల వద్దు మేడం. వరండాల పిల్లలకు సైన్స్ చెప్పిందని రాయుండ్రి, సాలు."

"వరండా అని రాస్తె ఎవలిస్తరే ఉద్యోగం? ఆ రిపోర్టు సంగతి నేను చూసుకుంట, నీకేం ఫికర్ వద్దు."

"రిపోర్టు గురించి కాదు మేడం. ల్యాబ్ నడిపిన అని రాస్తె, ఇంటర్వ్యూల బ్యూరెట్ ఇచ్చి చేసి సూపియ్యమంటరు. నాకు రాదు."

నేను నవ్వాను. "ఎమ్మెస్సీ చేసినవు గద బిడ్డా."

"చేసిన మేడం. డిగ్రీల గంతే, పీజీల గూడ గంతే. సార్ చేస్తుంటె సుట్టూ నిలబడి సూసినం. రీడింగులు బోర్డు మీద రాస్తె రికార్డుల ఎక్కిచ్చుకున్నం. ఒక్కసారన్న నా చేతుల పెట్టలే. ఈడ ల్యాబ్ ఉన్నదంటె, పోరగాళ్లకు చెప్పుకుంట నేను గూడ నేర్సుకోవచ్చనే వచ్చిన."

ఎదురుగా ఆమె నిలబడి ఉంది, కూర్చోమన్నా కూర్చోలేదు. రాసిన కాగితం చింపి, కొత్తది తీసి, ఆమె చెప్పినట్టే రాశాను. సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాను. ఆమె దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ ఉద్యోగం ఆమెకు రాలేదు.